ట్రాము మరలివచ్చిన వీథి

ఒక నగరము ఎట్టిదో తెలిసికొనగోరువారు దాని మేడలను చూచిన చాలదు. దాని వీథులను చూడవలెను. మేడ ఒక్కని సొత్తు. వీథి అందరి సొత్తు. ఆ యందరి సొత్తును ఊరివారు ఏ తీరున పంచుకొనుచున్నారు? అందు బలవంతునకెంత చోటు, బలహీనునకెంత చోటు? ముసలివారు, చూలాండ్రు, పసిబిడ్డలు ఆ బాటను నిర్భయముగా దాటగలుగుచున్నారా? ఈ ప్రశ్నలకు వీథియే సమాధానము చెప్పును. ధనవంతుని కారును, కూలివాని తట్టయు, బడికి పోవు బాలుని పుస్తకాల సంచియు ఒకే బాటమీద సాగవలెను. జనము పెరుగును, బండ్లు పెరుగును, బాట వెడల్పు మాత్రము పెరుగదు. ఇరుప్రక్కల మేడలు లేచిన పిదప నడిబజారును వెడల్పు చేయుట సులభముగాదు. కావున ఉన్న చోటునే పంచుకొనవలెను.

ఈ పంపకమును ఒకసారి ఒక విధముగా చేసి, అరువది యేండ్ల తరువాత దానిని మార్చి మరియొక విధముగా చేసికొన్న వీథి యొకటి కలదు. అది ఆస్ట్రేలియా దేశములోని సిడ్నీ నగరమున నున్నది. దాని పేరు జార్జి వీథి.

సిడ్నీ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమునకు రాజధాని. సముద్రము పాయలు పాయలుగా భూమిలోనికి చొచ్చుకొని వచ్చుటచే అచ్చట చక్కని సహజమైన రేవు ఏర్పడినది. వేలకొలది సంవత్సరములుగా ఆ తీరమున గాడిగల్ అను ఆదిమవాసులు నివసించుచుండిరి. 1788లో ఇంగ్లండునుండి పదునొకండు ఓడలలో ఖైదీలను, సైనికులను తెచ్చి అచ్చట దింపిరి. వారు దిగిన రేవునుండి ఇటుకలు చేయు మట్టి దిబ్బల వరకు నడచి నడచి యొక బాట పడెను. 1810లో గవర్నరు మెక్వారీ నగర వీథులకు పేర్లు పెట్టునపుడు, నాటి ఆంగ్లరాజగు మూడవ జార్జి పేరును ఆ బాటకు పెట్టెను. కాలినడకచే పుట్టిన ఆ బాటయే నేటి జార్జి వీథి. ఉత్తరమున రేవు మొదలుకొని దక్షిణమున పెద్ద రైలుస్టేషను దాపు వరకు అది సుమారు మూడు కిలోమీటర్లు సాగును. పురమందిరము, 1898లో కట్టి ముగించిన విక్టోరియా రాణి భవనము, పెద్ద తపాలా కార్యాలయము, బ్యాంకులు, అంగళ్లు అన్నియు ఈ వీథిని ఆనుకొనియే యున్నవి.

ఆ నగరమున పట్టాలమీద బండి నడపు ప్రయత్నము మొదట 1861లో జరిగెను. జార్జి వీథికి ప్రక్కనే యున్న పిట్ వీథిలో పట్టాలు పరచి, గుఱ్ఱములచే లాగబడు ట్రామును నడపిరి. కాని ఆ పట్టాలు వీథి మట్టముకంటె పైకి లేచి యుండెను. వాటికి తగిలి బండ్ల చక్రములు చెడుచుండెను. 1864లో ఐజాక్ నేథన్ అను ప్రసిద్ధ సంగీత విద్వాంసుడు ఆ ట్రామునుండి దిగుచు దాని క్రింద పడి మరణించెను. ప్రజల ఆగ్రహము హెచ్చగా 1866లో ఆ పట్టాలను పెరికివేసిరి. ఆ నగరము నేర్చిన మొదటి పాఠమిది: యంత్రము ఎంత మంచిదైనను, వీథిలో నడచువానికి అడ్డు వచ్చినచో అది నిలువదు.

1879లో ఆవిరి ట్రాములు వచ్చెను. 1899లో జార్జి వీథిలో విద్యుచ్ఛక్తితో నడచు ట్రాములు ప్రారంభమయ్యెను. ఇవి పొగ లేనివి; చౌక కూలికి జనులను గమ్యము చేర్చునవి. ఊరు పెరిగినకొలది పట్టాలును పెరిగెను. పనివారు, బడిపిల్లలు, సంతకు పోవు స్త్రీలు, సముద్రతీరమునకు వినోదార్థము వెళ్లువారు అందరును ట్రామునే నమ్ముకొని యుండిరి. 1945వ సంవత్సరమున సిడ్నీ ట్రాములు సుమారు నలుబది కోట్ల యేబది లక్షల ప్రయాణములకు సాధనమయ్యెను. ప్రపంచములోని మిక్కిలి పెద్ద ట్రాము మార్గములలో అది యొకటియై వెలసెను.

ట్రాము మన దేశమునకును క్రొత్తది గాదు. జార్జి వీథికంటె నాలుగేండ్లు ముందుగనే, 1895లో, చెన్నపట్టణమున విద్యుత్తు ట్రాములు నడచినవి. భారతదేశమున విద్యుత్తు ట్రామును మొదట చూచిన నగరమదియే. తెలుగు జిల్లాలనుండి చదువులకును, వ్యాజ్యములకును, వ్యాపారములకును చెన్నపట్టణము చేరిన మనవారెందరో ఆ ట్రాములలో తిరిగిరి. దానిని నడపు సంస్థ నష్టములపాలై 1953 ఏప్రిలులో ఆ ట్రాములు నిలిచిపోయెను. అదే సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రమవతరించినది. కావున రాష్ట్ర విభజన నాటికి చెన్నపురి వీథులలో ట్రాము గంట వినబడుట మానివేసినది.

ఇట్టి గతియే సిడ్నీ ట్రాములకును పట్టెను. రెండవ ప్రపంచ యుద్ధమైన పిమ్మట అచ్చట కార్ల సంఖ్య పెరిగెను. యుద్ధకాలమున సరియైన మరమ్మతు లేక ట్రాము బండ్లు పాతబడెను. కారు నడపువారు ముందు పోవు ట్రామును చూచి విసుగుకొనిరి. "వీథి నడుమ నిలిచి దారికడ్డు వచ్చునది ట్రామే, దానిని తీసివేసినచో రాకపోకలు సాఫీగా జరుగును" అను వాదము బలపడెను. బస్సునకు పట్టాలక్కరలేదు, తీగెలక్కరలేదు, ఎటు కావలసిన అటు తిరుగగలదు అని నిపుణులును చెప్పిరి. 1950 దశకము ముగియులోపలనే జార్జి వీథిలో ట్రాములు లేకుండపోయెను. 1961 ఫిబ్రవరి 25వ తేదీన నగరములోని చివరి ట్రామును సాగనంపుటకు జనులు గుంపులు గుంపులుగా వచ్చిరి. పనికిరావని తలచిన బండ్లను వందలకొలది తగులబెట్టిరి. అనేక వీథులలో పట్టాలపైననే తారు పోసి కప్పివేసిరి.

ట్రాము పోయినది, మరి వీథి విశాలమయ్యెనా? కాలేదు. ట్రాము వదలిన చోటును కార్లు నింపెను. ట్రాములలో పోవుచుండినవారిలో కొందరు కార్లు కొనుక్కొనిరి; తక్కినవారు బస్సులెక్కిరి. ఉదయమును, సాయంకాలమును బస్సులు ఒకదాని వెనుక నొకటి గోడవలె నిలిచియుండెడివి. బస్సు ఎటు కావలసిన అటు తిరుగగలదను మాట నిజమే. కాని నాలుగు ప్రక్కల బండ్లున్నపుడు తిరుగుటకు చోటేది? దారికడ్డు ట్రామని చెప్పినవారికి కాలమే సమాధానము చెప్పెను. అడ్డు వచ్చినది ట్రాముగాదు. కొద్ది మందిని మోయుచు పెక్కు చోటునాక్రమించు బండ్లే.

అందరికంటె ఎక్కువ నష్టపోయినవాడు పాదచారి. వీథిలో నడచువారి సంఖ్య అపారము. వారికి దక్కినదో, ఇరుప్రక్కల ఇరుకైన కాలిబాట. కూడళ్లలోని దీపములు బండ్ల సౌకర్యమును బట్టి వెలుగుచుండుటచే, నడచువారు అడుగడుగున నిలిచి వేచియుండవలసి వచ్చెను. వీథి నడకచే పుట్టినదను సంగతిని అందరును మరచిరి.

ఈ సంగతిని జ్ఞాపకము చేసినవాడు డెన్మార్కు దేశస్థుడగు యాన్ గేల్ అను వాస్తుశిల్పి. ఆయన నివాసమగు కోపెన్‌హేగన్ నగరమున 1962లోనే స్ట్రోయెట్ అను ప్రధాన వీథిని వాహనములు లేకుండ చేసి పాదచారుల కొసగిరి. "ఈ చలిదేశములో వీథిన పడి తిరుగువారెవరు?" అని మొదట పలువురు నవ్విరి. కాని జనులు తండోపతండములుగా వచ్చిరి. అంగళ్లు కళకళలాడెను. జనులు వీథిలో నెట్లు నడతురో, ఎచ్చట నిలుతురో, ఎచ్చట కూర్చుందురో ఓపికతో లెక్కించి పరిశీలించుటయే గేల్ తన విద్యగా చేసికొనెను. అంతకుముందు ఎల్లెడలను బండ్లను లెక్కించువారే గాని మనుష్యులను లెక్కించువారు అరుదు.

సిడ్నీ నగర సభవారు ఆయనను రావించి తమ నగరమును పరీక్షింపుడని కోరిరి. 2007లో ఆయన తన నివేదిక నొసగెను. జార్జి వీథిని నగరమునకు వెన్నెముకవలె తీర్చిదిద్దుడనియు, దానినుండి కార్లను తొలగించి ట్రామునకును పాదచారులకును ఇండనియు, రేవుకడ నొకటి, పురమందిరముకడ నొకటి, రైలుస్టేషనుకడ నొకటి మూడు బహిరంగ స్థలములను ఏర్పరుపుడనియు అందు సూచించెను. నాటి మేయరు క్లోవర్ మూర్ ఆ సూచనను గట్టిగా పట్టుకొనెను. ఆ నగరమునకిది పూర్తిగా క్రొత్త కాదు. 1971 మొదలుకొని మార్టిన్ ప్లేస్ అను చోటును క్రమక్రమముగా పాదచారులకు వదలిరి. 1987లో పిట్ వీథిలో కొంత భాగమును అట్లే చేసిరి. కాని నగరములోని ప్రధాన రాజమార్గమునే మార్చుట చిన్న పని గాదు.

ఇచ్చట కొంచెము లెక్క వేసి చూడవలెను. ఒక్క బస్సులో ఏబదిమంది ప్రయాణము చేయుదురనుకొందము. జార్జి వీథికి తెచ్చిన క్రొత్త ట్రాము రెండు బండ్లను కలిపి కట్టినది. దాని పొడవు 67 మీటర్లు. అందు 450 మంది పట్టుదురు. అనగా ఒక్క ట్రాము తొమ్మిది బస్సులకు సమానము. నాలుగు నిమిషముల కొకటి చొప్పున నడచిన గంటకు పదునైదు ట్రాములు. ఒక్కొక్క దిక్కునకు 6,750 మంది. ఇరుదిక్కులకు కలిసి 13,500 మంది. కారులో తరచుగా ఒక్కడో, ఇద్దరో కూర్చుందురు. ఆ 450 మందియు ఇద్దరిద్దరు చొప్పున కార్లలో వచ్చినచో 225 కార్లు కావలెను. ఒక్కొక్క కారునకు, దాని ముందు వెనుకల వదలవలసిన ఖాళీకి కలిపి ఏడు మీటర్లే యనుకొన్నను, ఆ కార్ల బారు ఒకటిన్నర కిలోమీటరు దాటును. జార్జి వీథిలో సగమంత అన్నమాట! 67 మీటర్లలో ముగియు పనికి ఒకటిన్నర కిలోమీటరు వీథిని వ్యయము చేయుట వివేకమా? మితవ్యయము ధనమునకే గాదు, నేలకును వర్తించును.

2012 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము ఈ నిర్మాణమునకు అంగీకరించినది. రేవునుండి జార్జి వీథి గుండ పోయి, ఆగ్నేయమున ర్యాండ్విక్, కింగ్స్‌ఫర్డ్ అను శివార్ల వరకు పండ్రెండు కిలోమీటర్ల దారి వేయవలెనని నిశ్చయించిరి. అందు పందొమ్మిది మజిలీలు. జార్జి వీథిని సొగసుగా తీర్చుటకు నగర సభ తన వంతుగా 22 కోట్ల డాలర్లనిచ్చుటకు ఒప్పుకొన్నది. 2015 అక్టోబరులో పని మొదలయ్యెను. బస్సులను ప్రక్క వీథులకు మరలించిరి. జార్జి వీథిని త్రవ్వ నారంభించిరి.

అంతవరకు కాగితముమీద అందముగా కనబడిన పని నేలమీద కష్టమై తోచెను. పాత నగరము యొక్క వీథి పైకి కనబడునంత సామాన్యమైనది గాదు. దాని కడుపులో నీటి గొట్టములు, మురుగు కాలువలు, విద్యుత్తు తీగెలు, వాయువు గొట్టములు, టెలిఫోను తీగెలు పెనవేసికొని యుండెను. వానిని కదల్చుటకు కాలము పట్టెను, వ్యయము పెరిగెను. ప్రభుత్వమునకును గుత్తేదారునకును వివాదము పుట్టి న్యాయస్థానమునకెక్కెను. 2019లో 57 కోట్ల 60 లక్షల డాలర్లు అదనముగా చెల్లించుటకు ఒప్పుకొని ప్రభుత్వము రాజీపడెను. మొదట 160 కోట్ల డాలర్లతో ముగియునని చెప్పిన నిర్మాణము 310 కోట్లు దాటునని రాష్ట్ర గణాంక పరిశోధనాధికారి 2020లో వెల్లడించెను.

ధనముకంటెను బాధాకరమైన సంగతి మరియొకటి కలదు. వీథి త్రవ్వబడినంతకాలము అంగళ్ల ముందు ఎత్తైన తడికెలవంటి అడ్డుగోడలు నిలిపిరి. కొన్ని నెలలలో తీసివేయుదుమన్న అడ్డుగోడలు అనేకచోట్ల అంతకు చాలకాలము మించి నిలిచిపోయెను. దుమ్ము, చప్పుడు, చీకటి. గిరాకి తగ్గెను. అద్దెలు మాత్రము తగ్గలేదు. చిరకాలముగా ఆ వీథినే నమ్ముకొని బ్రతుకుచున్న చిన్న వర్తకులు, భోజనశాలలవారు అప్పులపాలైరి. కొందరు అంగళ్లు మూసికొనిరి. 2017లో ప్రభుత్వము కొందరికి అద్దె నిమిత్తము సహాయము చేయ మొదలిడెను గాని అది అందరికి చాలలేదు. 2018లో వర్తకులు ఏకమై ప్రభుత్వశాఖపై దావా వేసిరి. 2023లో ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము కొందరు వాదులకు అనుకూలముగా తీర్పు చెప్పెను. దానిపై మరల అప్పీళ్లు జరిగినవి.

ఇచ్చట ఆలోచింపదగిన ధర్మసందేహమొకటి కలదు. వీథిని మార్చుట లక్షలమందికి మేలు. అందు సందేహము లేదు. కాని ఆ మేలు చేకూరుటకు కొలదిమంది నష్టపడవలసి వచ్చినచో, ఆ నష్టము నెవరు భరింపవలెను? "పెక్కుమంది సుఖము కొరకు కొందరు కష్టపడక తప్పదు" అని తేలికగా చెప్పువారు కలరు. ఆ కష్టము తమది కానపుడు అట్లు చెప్పుట సులభమే. మేలు అందరిదైనపుడు దాని వెలయు అందరును చెల్లించుట న్యాయము. తోటకు నీరు పారించుటకు కాలువ త్రవ్వునపుడు ఒకని పొలము పోయినచో, ఆ నీటితో పండించుకొనువారందరు అతనికి బదులీయవలెను గదా! జార్జి వీథి వర్తకుల దావా ట్రామునకు వ్యతిరేకముగా వేసినది గాదు; పని సాగిన తీరునకును, జాప్యమునకును వ్యతిరేకముగా వేసినది. మంచి పనినైనను ముందుచూపుతో, మాట తప్పకుండ చేయవలెనని ఆ వ్యాజ్యము బోధించుచున్నది.

తుదకు 2019 డిసెంబరు 14వ తేదీన రేవునుండి ర్యాండ్విక్ వరకు ట్రాములు నడచెను. ఆ శని ఆదివారములలో కూలి లేకుండ ఎక్కనిచ్చిరి. తాతలు తమ చిన్ననాటి ట్రాములను తలచుకొనుచు మనుమల చేతులు పట్టుకొని ఎక్కదగిన కాలము మరల వచ్చెను. 2020 ఏప్రిలు 3వ తేదీన కింగ్స్‌ఫర్డ్ శాఖయు తెరువబడెను.

ఈ ట్రాములో నొక వింత కలదు. సాధారణముగ ట్రామునకు నెత్తిమీద తీగెలుండును. జార్జి వీథిలో పురాతన భవనముల సొగసు చెడకుండుటకై, రేవునుండి పురమందిరము దాటు వరకు, సుమారు రెండు కిలోమీటర్ల మేర, పైన తీగెలే లేవు. విద్యుత్తు నేలనుండియే వచ్చును. రెండు పట్టాల నడుమ మూడవ పట్టా యొకటి నేల మట్టమునకు అమర్చబడినది. "నేలమీద విద్యుత్తా! త్రొక్కినవాడు బ్రతుకునా?" అని సందేహము కలుగవచ్చును. ఆ మూడవ పట్టాను చిన్న చిన్న ఖండములుగా విభజించి, ఖండమునకు ఖండమునకు నడుమ విద్యుత్తు పారని భాగములుంచిరి. ట్రాము పూర్తిగా ఏ ఖండమును కప్పియుండునో ఆ ఖండమునకు మాత్రమే విద్యుత్తు వచ్చును. ట్రాము దాటగానే అది నిర్జీవమగును. కావున నడచువాని పాదము క్రింద ఉన్న పట్టాలో ఎప్పుడును విద్యుత్తు ఉండదు. ఈ పద్ధతిని మొదట 2003లో ఫ్రాన్సు దేశములోని బోర్డో నగరమున ప్రవేశపెట్టిరి.

పట్టాలును వీథి మట్టమునకు సమానముగా నున్నవి. 1866లో పెరికివేసిన పిట్ వీథి పట్టాల దోషము ఇచ్చట లేదు. కార్లు తొలగిన భాగమున కాలిబాటకును నడివీథికిని మెట్టు లేదు. అంతయు రాతిపలకలు పరచిన ఒకే చదును. చక్రముల కుర్చీలో పోవువారును, బిడ్డల బండ్లు త్రోయు తల్లులును తడబడకుండ సాగవచ్చును. కన్నులు లేనివారు పాదస్పర్శచే దారి తెలిసికొనుటకు గరుకు పలకలమర్చిరి. చెట్లు నాటిరి, కూర్చుండుటకు బల్లలు వేసిరి. అడ్డు వీథులలో కార్లు ఎప్పటివలె దాటుచుండును. సరకుల బండ్లకును, ఆపదలో ఆదుకొను వాహనములకును తగిన ఏర్పాట్లు చేసిరి. వీథి మూయబడలేదు, వీథిలోని ప్రాధాన్యము మాత్రము మారినది. వెనుక బండి పోగా మిగిలిన చోటున మనిషి నడచెడివాడు. ఇపుడు మనిషి నడచు చోటున ట్రాము గంట మ్రోగించుకొనుచు, వేగము తగ్గించుకొని, జాగ్రత్తగా పోవుచున్నది.

పాదచారులతో కలిసి మెలిసి పోవుటకు బస్సుకంటె ట్రాము తగినదగుటకు కారణము కలదు. బస్సు కుడికి తిరుగునో ఎడమకు తిరుగునో ముందుగా తెలియదు. ట్రాము పోవు దారి నేలమీద గీచిపెట్టినట్లుండును. పట్టా తప్పి అది ఒక్క అంగుళమైనను ఇటు రాదు. కావున దానికి ఎడముగా నడచుట ఎవరికైనను తెలియును. కాని ఇందే అపాయమును కలదు. ట్రాము ప్రక్కకు తప్పుకొనలేదు. ఉక్కు పట్టామీద ఉక్కు చక్రము జారుచు పోవును గనుక అది తటాలున నిలువను లేదు. ఈ సంగతిని జనులకు నచ్చజెప్పుటకు ట్రాములు ప్రారంభించుటకు ముందే ప్రచారము చేసిరి. వీథి మనది యైనంతమాత్రమున ఏమరుపాటు తగదు. హక్కుతో కూడ జాగ్రత్తయు ఉండవలెను.

క్రొత్త ట్రాములో లోపములు లేకపోలేదు. మొదటి దినములలో కూడళ్లవద్ద తరచుగా నిలిచిపోవుటచే ప్రయాణము మిక్కిలి మెల్లగా సాగుచున్నదని జనులు ఆక్షేపించిరి. దీపముల కాలమును సరిదిద్దిన పిదప వేగము కొంత హెచ్చెను. ఇంతలో 2020లో కరోనా వ్యాధి ప్రపంచమును చుట్టుకొనగా వీథులు నిర్జనములయ్యెను. అయినను నగర సభవారు ఆ కాలమును వృథా చేయలేదు. జనులు ఎడమెడముగా నడచుటకు చోటు కావలసివచ్చుటచే జార్జి వీథి దక్షిణ భాగములో కూడ కార్లను ఆపి, పిమ్మట ఆ ఏర్పాటును శాశ్వతము చేసిరి. ఒకప్పుడు బస్సుల పొగతో నిండిన చోట ఇపుడు జనులు చెట్లనీడను కూర్చుండి భోజనము చేయుచున్నారు. సిడ్నీలో స్థిరపడిన తెలుగు కుటుంబములవారును ఆ వీథిలో నడచుచున్నారు.

మన దేశమునను ఇట్టి ప్రయత్నములు జరుగకపోలేదు. ఒకనాడు ట్రాములు నడచిన చెన్నపట్టణముననే, తెలుగువాడగు సర్ పిట్టి త్యాగరాయ సెట్టిగారి పేర వెలసిన త్యాగరాయ నగరములోని పాండీబజారులో విశాలమైన కాలిబాటలను నిర్మించి 2019 నవంబరులో ప్రారంభించిరి. హైదరాబాదులో చార్మినారు చుట్టును బండ్లను మరలించి, రాతిపలకలు పరచి, చూడవచ్చువారు నడచుటకు వీలు కల్పించిరి. మన యూళ్లలో కాలిబాటలమీద బండ్లు నిలుపుటయు, నడచువాడు బండ్ల నడుమ ప్రాణములరచేత పట్టుకొని పోవుటయు నిత్యము చూచుచునే యున్నాము. వీథి ఎవరిదను ప్రశ్న మన యూళ్లకును తగినదే.

జార్జి వీథి కథవలన తెలియదగిన నీతి ట్రామును మెచ్చుకొనుటతో ముగియునది గాదు. ఒకనాడు నిపుణులు చెప్పిరని, పదిమంది కోరిరని, ఉన్నదానిని తగులబెట్టి తొలగించిరి. ఆ తగులబెట్టినదానినే వారి మనుమలు అనేక రెట్లు ధనము వెచ్చించి మరల తెచ్చుకొనిరి. చెరుపుటకు మూడేండ్లు చాలును. తిరిగి కట్టుటకు ఒక తరము చాలదు. కావున అందరి సొత్తులో మార్పు చేయునపుడు మూడు సంగతులు విచారింపవలెను. ఈ మార్పువలన మేలు పొందువారెవరు? నష్టపడువారెవరు? ఆ నష్టమును తీర్చు పూచీ ఎవరిది? ఈ మూడింటికి తృప్తియైన సమాధానము దొరకిన పిదపనే గునపము నేలకు తాకవలెను. అట్టి విచారణ చేయగల పౌరులున్న నగరములో వీథి ఇరుకైనను జనుల మనసులు ఇరుకుగా నుండవు.

ప్రశ్నలు

1. జార్జి వీథి ఎట్లు పుట్టినది? దానికి ఆ పేరెట్లు వచ్చినది?
2. 1866లో పిట్ వీథి పట్టాలను ఏల పెరికివేసిరి? నేటి పట్టాలకును వాటికిని గల భేదమేమి?
3. ఒక ట్రాము ఎన్ని బస్సులకు, ఎన్ని కార్లకు సమానమో లెక్కతో చూపుము.
4. జార్జి వీథి వర్తకుల కష్టములెట్టివి? వారి నష్టమును ఎవరు భరించుట న్యాయమని నీ అభిప్రాయము? కారణములు తెలుపుము.
5. నీ గ్రామములోగాని పట్టణములోగాని జన సమ్మర్దము గల యొక వీథిని ఒక గంట పరిశీలించి, నడచువారెందరో, బండ్లెన్నియో లెక్కించి, ఆ వీథిలో ఎవరికెంత చోటున్నదో పది వాక్యములలో వ్రాయుము.